ఆరు నెలల అల్లుడు

ఏప్రిల్ 6

బావమరిదికి,

ఆశీస్సులు. క్షేమంగా ఇల్లు చేరాను. విమానంలో కిటికీ పక్క సీటు దొరకలేదు గాని, మధ్య సీట్లో కూర్చున్నా నాకు అన్ని దేశాలూ కనబడ్డాయి. సర్వే ఆఫీసులో జీవితమంతా పటాలు గీసి రిటైరైనవాడికి కింద ఏముందో తొంగి చూడాల్సిన పని లేదు.

యాత్ర మొదలుపెట్టకుండానే వెనక్కొచ్చేశానని మీ ఇంట్లో అనుకుంటూ ఉంటారు. మొదలుపెట్టలేదని ఎవరన్నారు? ఓడ దిగిన బండి రేవు నుంచి మీ ఇంటిదాకా వచ్చిందా లేదా? నడిపింది కిరాయి డ్రైవరే కావచ్చు, లోపల కూర్చున్నది నేను. ఆ రాత్రి బండిలోనే పడుకున్నాను కూడా. తెల్లారేసరికి నడుం పట్టేసిందంటే అది పరుపు లోపం, పట్టుదల లోపం కాదు. పైగా ఇక్కడ మా యాత్రికుల సంఘం వార్షికోత్సవం ముంచుకొచ్చింది. వానలు తగ్గుముఖం పట్టగానే వస్తాను. వచ్చి, మీ గుమ్మంలోంచే బయల్దేరి దేశం తర్వాత దేశం నేలమీదే చుట్టేస్తాను.

అంతవరకూ రథం మీ పెరట్లో ఉంటుంది. పాత రొట్టెల వ్యానేగా అని చిన్నచూపు చూడకు. మంచం, సింకు, పొయ్యి, పుస్తకాల అర, అన్నీ నేను గీసిచ్చిన కొలతలతో బిగించినవి. పక్కన ఎర్రక్షరాలతో రాయించిన "భూప్రదక్షిణం" మీద ఎండ పడనివ్వకు, వెలిసిపోతుంది.

ఇంకో చిన్న విషయం. మన నంబరు ప్లేటున్న బండి మీ దేశంలో ఆరు నెలలకు మించి ఉండకూడదట. ఆలోగా సరిహద్దు దాటించి, ముద్ర వేయించి, మళ్ళీ లోపలికి తెచ్చుకోవచ్చట. ఆలోగా నేనే వచ్చేస్తాను కనక నువ్వు బెంగపడకు. రేవులో కాగితాల మీద హామీదారు ఎవరని అడిగితే మాటవరసకి నీ పేరు రాశాను.

ఫోన్లు చెయ్యొద్దు. యాత్రికుడన్నవాడికి ఉత్తరాలు రావాలి. సంఘం చిరునామాకే రాయి. అక్కడి స్టాంపులు నలుగురూ చూస్తారు.

మీ అక్క నిన్ను అడిగానని రాయమంది.

ఇట్లు,
ప్రపంచ యాత్రికుడు,
మీ బావ

జూన్ 18

బావగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం అందింది. హామీదారు సంగతి చదివి మా ఆవిడ ఆ పూట నాతో మాట్లాడలేదు. "మాటవరసకి" అన్న మాట కింద గీత గీసి గోడకి అంటించింది.

మీకు తెలుసుగా, నేను కట్టుడు పళ్ళు చేసుకుని బతికేవాణ్ణి. పొద్దున వర్క్‌షాపుకి, సాయంత్రం ఇంటికి. నాకు బళ్ళ గురించి తెలిసింది తక్కువ. పెరడు మా ఒక్కళ్ళదే కాదు, పై అంతస్తులో ఉండే ఇంటావిడది కూడా. ఆవిడ బట్టలారేసుకునే తీగ మీ రథం ముక్కు కిందకి వచ్చింది. పక్కన రాసిందేమిటని అడిగింది. ఎవరూ చదవలేని లిపి కదా, "మా బావగారి ఆశయమండీ" అన్నాను. "ఆశయానికి ఇంత చోటు కావాలా?" అంది. వారంలో ఇద్దరు ముగ్గురు తలుపు కొట్టి రొట్టెలున్నాయా అని అడుగుతున్నారు. వాన పడితే లోపల్నించి ఇప్పటికీ కాల్చిన రొట్టె వాసన వస్తుంది మరి. ఇక్కడ వానలు కూడా ఘనంగానే ఉన్నాయి. ఆకాశానికి చిల్లుపడినట్టు రోజంతా కురిసి, వీధి చివర వంతెన కింద నీళ్ళు నిలిచిపోయాయి.

రెండో కాగితంలోకి వచ్చాను. మా ఆవిడ మీ బండికి ఓ పేరు పెట్టింది: అల్లుడుగారు. మూల కదలకుండా కూర్చుంటాడు, వేళకి అన్నీ అమర్చాలి, ఒక్క మాటంటే అవతలివాళ్ళకి కోపం, అందుకనిట. మిమ్మల్ని అనుకునేరు, బండినే. ఇప్పుడు ఇంట్లో అందరికీ అదే అలవాటైపోయింది.

గడువు సెప్టెంబరు ఆఖరుకి. ఎప్పుడొస్తున్నారో తేదీ రాయండి.

మీ బావమరిది

ఆగస్టు 2

బావమరిదికి,

నీ ఉత్తరం మొదటి కాగితం సంఘం బోర్డుకి అంటించాం. వాన వర్ణన బాగుంది. రెండో కాగితంలో ఇంకా వాన ఉందేమోనని మా కార్యదర్శి పట్టుకెళ్ళాడు, ఇంకా తిరిగివ్వలేదు. అందులో ముఖ్యమైనదేమైనా ఉంటే మళ్ళీ రాయి.

సెప్టెంబరులో రావడం పడదు. సంఘం అధ్యక్ష పదవికి నన్ను నిలబడమంటున్నారు. మోకాలు కూడా ఒకటి సహకరించడం లేదు. బండిని నువ్వే ఓసారి సరిహద్దు దాటించి తీసుకురా. అధికారపత్రం సంతకం చేసి పంపుతున్నాను. భయపడకు. సరిహద్దంటే ఏమిటి? చుక్క, అడ్డగీత, చుక్క, అడ్డగీత. అలాంటివి నేను కొన్ని వేల మైళ్ళు గీశాను. ఒక్కటీ నన్నేం చెయ్యలేదు.

దారిలో ఏమేం చూశావో వివరంగా రాయడం మరచిపోకు. ముఖ్యంగా సూర్యోదయాలు.

మీ బావ

అక్టోబరు 5

బావగారికి నమస్కారాలు.

పని అయిపోయింది. సెలవు పెట్టి, మా ఆవిణ్ణి తోడు తీసుకుని వెళ్ళాను. బట్టలు సరిచేసే తన కొట్టు మూసి రావడం పెట్టిన రోజునుంచీ ఇదే మొదలు. దారంతా తిడుతూనే కూర్చుంది. కొండెక్కేటప్పుడు తిట్టడం ఆపి కిటికీలోంచి చూడటం మొదలుపెట్టింది.

మీరు చెప్పిన గీత అక్కడ లేదు బావగారూ. ఓ రేకుల షెడ్డు, ఓ గేటు, గేటు కింద ఓ కుక్క. "ఇంతకీ సరిహద్దు ఎక్కడ?" అని మా ఆవిడ అడిగితే, ముద్రలేసే అతను కుక్కని చూపించి, "దాని తల అవతలి దేశంలో ఉందమ్మా, తోక మాది" అన్నాడు. కుక్క లేచేదాకా ఆగి వెళ్ళాం.

అవతల ఓ పెట్రోలు బంకు పక్కన ఆ రాత్రి ఉన్నాం. పొద్దున లేచేసరికి మా ఆవిడ వెనక తలుపు బార్లా తెరిచి, కాళ్ళు కిందికి వేలాడేసి టీ తాగుతోంది. "ఇన్నేళ్ళు ఆ కొండని వంటింట్లోంచి చూస్తూనే ఉన్నాం, దీనికి వెనకవైపు కూడా ఉందని తోచలేదు చూశారా" అంది. ఆ కొండ వెనకంతా పసుపు పూల చేలు. సూర్యోదయం సంగతి నాకు తెలియదు. నేను పడుకునే ఉన్నాను.

అల్లుడుగారి ఆరోగ్యమే బాగా లేదు. ఎత్తెక్కితే ఆయాసం. ఆగిన చోటల్లా కింద నూనె కారుస్తున్నారు. నీళ్ళు తెగ తాగుతున్నారు. మా ఇంటావిడ "మీ అల్లుణ్ణి ఇంకా ఎన్నాళ్ళు పెరట్లో ఉంచుతారు?" అని అడుగుతోంది. చలికాలం వస్తోందని మా ఆవిడ ఒళ్ళంతా కప్పేలా పెద్ద దుప్పటి కుట్టింది. మీరు పెద్దమనసు చేసుకుని వచ్చి ఆయన్ని ఎటైనా తీసుకెళితే మీ చెల్లెమ్మకి కాస్త ఊపిరాడుతుంది. తర్వాతి గడువు మార్చి ఆఖరు.

మీ బావమరిది

నవంబరు 11

బావమరిదికి,

ముందు మంచి మాట. నీ ఉత్తరం అందిన వారమే సంఘంలో నా ఉపన్యాసం. "మన రథం సరిహద్దు దాటింది" అనగానే హాలంతా చప్పట్లు. కుక్క, పసుపు పూల చేలు చెప్పాను. సూర్యోదయం నేను కలిపాను. అందులో నేనున్నానని నేను అనలేదు. ఉన్నారా అని ఎవరూ అడగలేదు.

ఇక రెండో మాట. మీ అమ్మాయి పెళ్ళి ఎప్పుడు చేశారు?

నేను పరాయివాణ్ణి, నాకు చెప్పకపోయినా పోనీ. మీ అక్క, పిల్లకి స్వయానా మేనత్త. ఆమెకి కూడా ఓ కబురు లేదు, కాగితం ముక్క లేదు. పైగా అల్లుడు రోగిష్టివాడని తెలిసి కూడా ఇచ్చారా? ఎత్తెక్కితే ఆయాసం, నీళ్ళు తెగ తాగడం, ఇవి చిన్న లక్షణాలు కావు. ఒంట్లోంచి నూనె కారడం నేను ఎక్కడా వినలేదు. మంచి డాక్టరుకి చూపించండి. అలాంటి మనిషిని చలిలో పెరట్లో పడుకోబెట్టడమేమిటి? నేనొచ్చి అతన్ని "ఎటైనా" తీసుకుపోవడమేమిటి? అల్లుణ్ణి వదిలించుకోవడానికా నా యాత్ర?

ఇదంతా చదివి వినిపిస్తే మీ అక్క కొంగు నోట్లో కుక్కుకుని నవ్వుతోంది. ఎందుకో చెప్పదు. దుఃఖం ఎక్కువై ఉంటుంది.

మీరు సంజాయిషీ రాసేదాకా నా దగ్గర్నుంచి ఉత్తరం ఉండదు.

బావ

డిసెంబరు 20

బావగారికి నమస్కారాలు.

మా అమ్మాయికి పెళ్ళి కాలేదు. హాస్టల్లో ఉండి పశువైద్యం చదువుకుంటోంది. మీ ఉత్తరం చదివి వినిపిస్తే, అల్లుడి నూనె సంగతి వాళ్ళ కాలేజీలో అడుగుతానంది.

అల్లుడంటే మీ బండి. ఆ ముక్క జూన్ ఉత్తరం రెండో కాగితంలో రాశాను, అది మీ కార్యదర్శిగారి దగ్గరుంది. అక్క మీకు తెలియకుండా ఫోను చేసి అంతా విని, "ఆయనకి చెప్పకు, నాలుగు రోజులు అలానే ఉండనీ" అంది. ఫోను పెట్టేముందు కొండ వెనక పూలేమిటో, ఎన్ని గంటల దారో, బండి గేర్లు ఎటు పడతాయో అన్నీ అడిగింది. ఆ గేర్ల సంగతి అక్కకెందుకో నాకర్థం కాలేదు.

ఇక్కడ మంచు. బ్యాటరీ చచ్చిపోయింది. మార్చిలో మీరు వస్తున్నారు కదా?

మీ బావమరిది

ఫిబ్రవరి 9

బావమరిదికి,

నేను అధ్యక్షుణ్ణయ్యాను. ఏకగ్రీవం. నాతో పోటీ పడాల్సినాయన నిజంగానే ఎక్కడికో ప్రయాణం వెళ్ళి నామినేషను వేళకి రాలేకపోయాడు.

మార్చిలో ఊపిరి సలపదు. కిందటిసారి లాగే నువ్వు దాటించు. దారి తెలిసినవాడివేగా.

ఆ పేరు మీ ఆవిడ బండిని చూసే పెట్టిందా? మీ నాన్నగారికి నేనూ అల్లుణ్ణేనని ఆమెకి గుర్తుందా? ఊరికే అడిగాను.

మీ బావ

మార్చి 30

బావగారికి నమస్కారాలు.

ఈసారి నవ్వుకునేదేమీ లేదు. పొట్టిగా రాద్దామన్నా కుదరదు, ఓపిగ్గా అన్ని కాగితాలూ చదవండి. కార్యదర్శికి ఇవ్వకండి.

వెళ్ళేటప్పుడు బాగానే వెళ్ళాం. తిరిగొచ్చేటప్పుడు షెడ్డులో కొత్తావిడ ఉంది. బత్తాయి ఒలుచుకుంటూ అడగడం మొదలుపెట్టింది.

"బండి ఎవరిది?"

"మా బావగారిది."

"ఆయనెక్కడ?"

"వాళ్ళ ఊళ్ళో ఉన్నారండి."

"మీరెక్కడుంటారు?"

నేను కాస్త గర్వంగానే, "ఇక్కడేనండీ, ఈ దేశంలోనే, పెళ్ళయిన దగ్గర్నుంచీ" అన్నాను. అదే నా కొంప ముంచింది. ఆవిడ బత్తాయి పక్కన పెట్టేసింది.

"ఇక్కడ కాపురముండేవాళ్ళు బయటి నంబరు ప్లేటు బండి నడపకూడదు. అది బయటినుంచి తిరగడానికొచ్చిన వాళ్ళకి. యజమాని పక్కనుండాలి, లేకపోతే ఆయన దేశంలో ఉండే మనిషెవరైనా నడపాలి. మీరు నడిపారంటే పన్ను కట్టకుండా బండి దిగుమతి చేసుకుని వాడుకుంటున్నట్టే."

"అమ్మా, నాకీ బండి వద్దు. ఊరికే ఇచ్చినా వద్దు."

"పట్టుబడ్డ వాళ్ళంతా ఆ మాటే అంటారు."

మా ఆవిడ ఎంత చెప్పినా విన్లేదు. పక్కన రాసిందేమిటని అడిగింది. భూమి చుట్టూ తిరగడమని అర్థం చెప్పాను. మా ముద్రల కాగితం అటూ ఇటూ తిప్పి, "భూమి చుట్టూ తిరగడమంటే ఈ గేటు చుట్టూ తిరగడమా?" అంది. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

చివరికి ఈ ఒక్కసారికి లోపలికి వదిలింది. నా పేరు పక్కన ఎర్ర గుర్తు పెట్టింది. సెప్టెంబరులోగా మీరో, మీ దేశంలో ఉండే మరెవరో వచ్చి బండిని బయటికి నడిపించాలి. నేను స్టీరింగు ముట్టుకోకూడదు. గడువు దాటితే బండిని పట్టుకెళ్ళి తుక్కుకింద నలగ్గొడతారు. హామీదారు మీద కేసు పెడతారు. కేసున్నవాడికి ఇక్కడ వర్క్‌షాపు లైసెన్సు ఉండదు. మాటవరసకి రాసిన పేరు బావగారూ, దానిమీద నా అన్నం ఆధారపడి ఉంది.

అందుకే అడుగుతున్నాను. అధ్యక్షులుగా కాదు, అక్క మొగుడిగా. మీరు రావాలి.

మీ బావమరిది

మే 20

బావమరిదికి,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నీకు కష్టం రానివ్వను.

నేను వద్దామనే అనుకున్నాను. టికెట్లు కూడా వాకబు చేశాను. అయితే ఆగస్టు ఆఖర్న సంఘం నాకు సన్మానం తలపెట్టింది. "నేలదారిన నడిచిన మేటి" అని బిరుదు. పిలుపు కార్డులు అచ్చయిపోయాయి. పైగా నేనొచ్చినా నడపడానికి మళ్ళీ ఓ మనిషి కావాలి. నాకు బండి నడపడం రాదని కాదు, నడపను. పటాలు గీసేవాడు దారి చూడాలి. దారి చూసేవాడు స్టీరింగు పట్టుకుంటే రెండూ చెడతాయి.

కాబట్టి మీ అక్కని పంపుతున్నాను. నన్ను ఉపన్యాసాలకి తీసుకెళ్ళేదీ తీసుకొచ్చేదీ ఆమేగా. లైసెన్సు ఉంది, ఈ దేశపు మనిషి, చట్టానికి ఇంకేం కావాలి? "వెళ్తావా?" అంటే "ఎప్పుడు?" అంది. "ఎందుకు?" అనలేదు. పెట్టె మాత్రం నాలుగు రోజుల పనికి సర్దినట్టు లేదు.

పాపం, ఆమెకి దారులు తెలియవు. తెలియని చోట కంగారు పడుతుంది. సరిహద్దు దాకా నువ్వు దగ్గరుండి ధైర్యం చెప్పు. ముద్ర పడగానే వెనక్కి తిప్పించి, విమానం ఎక్కించు. సన్మానానికి నన్ను తీసుకెళ్ళాలి.

మీ బావ

జూలై 25

బావగారికి నమస్కారాలు.

అక్క క్షేమంగా వచ్చింది. వచ్చిన మర్నాడే చేతులు పైకి మడిచి బండి కిందకి దూరింది. నూనె కారేచోటు పట్టుకుని మెకానిక్కుని పిలిపించి దగ్గరుండి బాగు చేయించింది. లోపలికెక్కి మంచం మీద పడుకుని చూసి, "ఈ కొలతలు ఎవరివిరా? ఇందులో పడుకోవాలంటే మనిషిని మడత పెట్టాలి" అంది. మీవని చెప్పలేదు. చెప్పకపోయినా తెలుసు. పుస్తకాల అర ఊడబీకి మంచం అటు జరిపింది. అందులో ఉన్న మీ పటాలు ఇంటావిడకిచ్చింది. ఆవిడ అలమరలో పరుచుకుంది.

సరిహద్దుకి మా ఆవిడ తోడు వెళ్ళింది. నాకు ఆ వారం ఒకాయనకి పైవరస కట్టుడు పళ్ళన్నీ చేసివ్వాల్సి ఉండి కదల్లేకపోయాను. ఒక్కరోజు పనే కదా అనుకున్నాను.

వెళ్ళి మూడు వారాలైంది.

జరిగిందేమిటంటే, ఆ బత్తాయావిడే మళ్ళీ ఎదురైంది. అక్క లైసెన్సు చూసి, ముద్ర కొట్టి, ఓ మాట చెప్పింది: "వెంటనే తిరిగొస్తే కొత్త ఆరు నెలలు ఇవ్వం. రూలు మారింది. కొన్నాళ్ళు బయటే ఉండి రండి." కొన్నాళ్ళంటే ఎన్నాళ్ళని మా ఆవిడ అడగబోతుంటే అక్క గేరు వేసేసిందట. అవతలి దేశంలో కూడా బండిని ఊరికే ఉండనివ్వరట. అక్కడా ఓ గడువు ఉంది. అందుకని అక్క దాని అవతలి దేశానికి పోయింది. "నేనేం చెయ్యనురా, ఎక్కడా ఆగనివ్వడం లేదు, చట్టం ఒప్పుకోదు" అని ఫోన్లో అంటోంది. గొంతులో బాధ మాత్రం వినబడలేదు.

ఇప్పుడేదో పెద్ద చెరువు పక్కన ఉన్నారు. అక్కే నడుపుతోంది. మా ఆవిడ దారి అడుగుతోంది. ఎవరి భాష ఎవరికీ రాకపోయినా మధ్యాహ్నానికల్లా ఎవరో ఒకరి ఇంట్లో భోంచేస్తున్నారు. నేను రోజూ రొట్టె తింటున్నాను.

మీ బావమరిది

సెప్టెంబరు 3

బావమరిదికి,

సన్మానం జరిగింది. ఎలా జరిగిందో నువ్వు వేరేవాళ్ళ ద్వారా వినేకంటే నేనే రాస్తాను.

హాలుకి బస్సులో వెళ్ళాను. ఏ నంబరు బస్సో తెలియక రెండు తప్పు బస్సులెక్కాను. నా ఊళ్ళోనే. ఆ పేటల పటం నేను గీసిందే.

శాలువా కప్పారు. మాట్లాడాను. సరిహద్దులు, కొండలు, చేలు, అన్నీ. ముందు వరసలో ఓ ముసలావిడ చెయ్యెత్తి, "బాబూ, అక్కడ నీళ్ళు ఎలా ఉంటాయి, ఉప్పగానా తియ్యగానా?" అని అడిగింది. ఎంత చిన్న ప్రశ్న! అన్ని నదుల పేర్లూ తెలుసు గాని ఆ సంగతి ఏ పటంలోనూ రాయరు. తియ్యగానే ఉంటాయన్నాను.

అప్పుడు మా కార్యదర్శి ఉత్సాహంగా లేచాడు. ఉత్తరాలన్నీ సంఘానికే రావాలని నేనే కదా చెప్పింది. మీ అక్క కూడా అలానే రాసింది. ఆ పొద్దునే వచ్చిన కార్డు, స్టాంపు బాగుందని వేదిక మీద చదివాడు. "సంఘంవారికి నమస్కారాలు. మా బండి ఇప్పటికి మూడు దేశాలు దాటింది. నేనూ మరదలూ కులాసాగా ఉన్నాం. ఇక్కడి నీళ్ళు కొంచెం వగరు, మరిగిస్తే పోతుంది. మా ఆయన బయటికెళ్ళే అలవాటు లేని మనిషి, ఎవరైనా కాస్త కనిపెట్టుకుని ఉండండి."

ఎవరూ నవ్వలేదు. నవ్వితే బాగుండేది. ఆ ముసలావిడే నన్ను బస్సెక్కించింది.

మొదట నీ మీద కోపమొచ్చింది, తర్వాత మీ అక్క మీద. ఇంటికొచ్చి తాళం తీశాక ఎవరి మీదా రాలేదు. ఆమె వెళ్ళిన దగ్గర్నుంచి ఈ సన్మానం దాకా నేను పక్కవీధి కూడా దాటలేదు. రథం రేవు నుంచి మీ ఇంటికి వచ్చిన రోజున కిరాయి డ్రైవరు పక్కన నేను దారంతా కళ్ళు మూసుకునే కూర్చున్నానని నీకు తెలియదు. మీ అక్కకి తెలుసు. ఎలా తెలుసో అడగలేదు.

ఆ బండిలో ఇంకో మనిషికి చోటుంటుందా? నేను అడిగానని కాదు, ఊరికే కనుక్కో.

బావ

సెప్టెంబరు 17

బావగారికి నమస్కారాలు.

కనుక్కున్నాను. అక్క అన్నది అన్నట్టు రాస్తున్నాను: "చోటుంది. మంచం నేను సరిచేశాను. విమానాశ్రయానికి రాను, అది నా దారిలో లేదు. చెప్పిన ఊరికి బస్సెక్కి రమ్మను. బస్టాండు ఎదురుగా ఉంటాను. రాకపోతే మర్నాడు వెళ్ళిపోతాను, ఇక్కడ బండికి గడువైపోతోంది."

ఊరి పేరు, బస్సు నంబరు విడిగా రాసి పెట్టాను. తప్పు బస్సెక్కితే దిగి మళ్ళీ ఎక్కండి. దాందేముంది.

మా ఆవిడ కొట్టు తెరవాలని రైల్లో తిరిగొచ్చేసింది. ముఖం నల్లబడింది, గొంతు పెరిగింది. బండి దేశంలో లేదు కనక నా పేరు పక్కన గుర్తు కొట్టేశారు. బత్తాయావిడే ఫోను చేసి చెప్పింది. "ఇప్పుడు నిజంగానే తిరుగుతున్నట్టున్నారే" అంది కూడా. పెరడు ఖాళీ అయింది. ఇంటావిడ తీగ మళ్ళీ కట్టుకుంది గాని, వాన పడ్డప్పుడు రొట్టె వాసన రావడం లేదని ఆవిడే అంటోంది.

బయల్దేరండి బావగారూ.

మీ బావమరిది

అక్టోబరు 8

బావమరిదికి,

వచ్చాను. ఒక్కటే తప్పు బస్సు.

మీ అక్క బస్టాండు ఎదురుగా బండి మెట్టు మీద కూర్చుని కూర తరుగుతోంది. నన్ను చూసి, "ఇంత చిక్కిపోయారేమిటి?" అంది. సంఘం మాట ఎత్తలేదు. నేనే ఎత్తబోతే చేతికి కత్తి ఇచ్చి ఉల్లిపాయలు తరగమంది.

మొదటి కొండ మలుపులో కళ్ళు మూసుకున్నాను. "మూసుకోకండి, కిందికి కాదు, ముందుకి చూడండి" అంది. చూశాను. రెండో మలుపులో తలుపు పిడి గట్టిగా పట్టుకున్నాను గాని కళ్ళు తెరిచే ఉన్నాయి. మూడో మలుపు దాటాక పిడి వదిలాను. ఆమె రోడ్డు మీదనుంచి చూపు తిప్పకుండా నవ్వింది.

ఇది ఏ ఊరో నాకు తెలియదు. మీ అక్కకి తెలుసు. ఎదురుగా ఓ నది ఉంది. దాన్ని నేను నీలం సిరాతో చాలాసార్లు గీశాను. నీలంగా లేదు, మట్టి రంగులో ఉంది. ఒడ్డున ఒకతను ఎద్దుని కడుగుతున్నాడు. ఇదివరకైతే దీనిమీద నీకు ఆరు కాగితాలు రాసేవాణ్ణి. ఇప్పుడు పొద్దున్నుంచి కూర్చున్నా ఇంకేం రాయాలో తోచడం లేదు. చూస్తున్నాను.

మీ అక్క పిలుస్తోంది. వెనక చక్రం ఇసుకలో దిగబడిందట. తాను స్టీరింగు దగ్గర ఉంటుందట, ఆ ఎద్దుని కడిగే మనిషి ఒకవైపు పడతానన్నాడట, రెండోవైపు నన్ను తొయ్యమంటోంది. చెప్పులు విప్పేశాను.

దిగుతున్నాను.

మీ బావ